మాస్టారు అడిగిన "కనిపిస్తోందా?"

మా కంప్యూటర్ మాస్టారు పోయారు. బస్సు హనుమాన్ జంక్షన్‌లో ఆగి ఉండగా ఆయన భార్య ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్లిపోయారమ్మా," అన్నారు. కిటికీ కింద జామకాయలమ్మే మనిషి నన్ను చూసి బేరం మానేశాడు. ఏడుస్తున్నానని నాకప్పుడే తెలిసింది.

మాస్టారు గుణదలలో, ఇంటి ముందుగదిలోనే పాఠాలు చెప్పేవారు. కోర్సు అయిపోయినా మమ్మల్ని వదిలేవారు కాదు. బ్లాగులు కొత్తగా వచ్చిన రోజుల్లో మా కోసం ఒకటి తెరిచారు. సందేహాలుంటే కింద కామెంట్లలో అడగాలి. పొద్దున్నే కాఫీ తాగుతూ ఒక్కో కామెంటూ చదివి, ఆయన సరేనంటేనే అది అందరికీ కనిపించేది.

బెంజ్ సర్కిల్ దగ్గర నాకు ఉద్యోగం వచ్చిన కొత్త. నేను చేసిన వెబ్‌పేజీలో ఫారం పనిచేయలేదు. సాయంత్రంలోగా సరిచేయకపోతే రేపట్నుంచి రావద్దన్నారు ఆఫీసులో. కోడంతా కామెంటులో పెట్టి మాస్టారికి పంపాను. కాసేపటికి ఫోన్.

"మూట వచ్చిందమ్మా, చీర రాలేదు!"

ఆయన నేత ఇంట్లో పుట్టిన మనిషి, మాటలన్నీ అలాగే ఉండేవి. కామెంటులో హెచ్‌టీఎంఎల్ ట్యాగు, అంటే లెస్ దేన్ (<) గుర్తుతో మొదలయ్యే వెబ్‌పేజీ ఆదేశం, కనబడితే చాలు, మంచీ చెడూ చూడకుండా బ్లాగు తీసిపారేస్తుందట. నా ప్రశ్న మిగిలింది, కోడ్ మాయమైంది. నాకు ఒళ్లు మండింది.

"దాన్ని తిట్టుకుంటే ఏం లాభమే? పట్టుచీరని బస్సులో ఊరికే పడేస్తామా? పైన పాతగుడ్డ చుడతాం కదా. లెస్ దేన్ గుర్తు తీసేసి, అక్కడ ఆంపర్‌సాండ్, ఎల్, టీ, సెమికోలన్ కొట్టు. చదివేవాళ్లకి మళ్లీ ఆ గుర్తే కనబడుద్ది."

అలాగే చుట్టి పంపాను. నేను మూయడం మరిచిన ట్యాగును ఆయన ఇట్టే పట్టుకున్నారు. ఉద్యోగం నిలబడింది. ఇప్పటికీ ఆ పనే నాకు అన్నం పెడుతోంది.

ఆయనకో అలవాటుండేది. తను కోడ్ పెట్టిన ప్రతిసారీ చివర "కనిపిస్తోందా?" అని రాసేవారు. మేము "కనిపిస్తోందండీ" అనాల్సిందే. అనకపోతే ఫోన్ చేసి మరీ దెప్పేవారు. "పంపాంలే అనుకుంటే చాలదమ్మా, అందిందో లేదో చూసుకోవాలి," అనేవారు. ఆ మాట నాకు పాఠాలన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది.

చివరిచూపు చూసి వచ్చాక బ్లాగు తెరిచాను. ఎవరో కొత్త విద్యార్థికి ఆయనిచ్చిన జవాబు అన్నిటికంటే కింద ఉంది. ఒక్క ట్యాగు కూడా పోలేదు. చివర "కనిపిస్తోందా?" అని అడిగారు. ఎవరూ బదులివ్వలేదు.

"కనిపిస్తోంది మాస్టారూ," అని రాసి పంపాను.

మీ కామెంటు బ్లాగు యజమాని అనుమతి కోసం ఎదురుచూస్తోంది, అని వచ్చింది.