చీనీతోటలో ఎర్రలైటు

ఫోనులో సిగ్నలుంటే చాలు, లోకంలోని విద్యంతా ఊరికే వస్తుందని నమ్మిన రోజులవి. కడపలో డిప్లొమా చదివేవాణ్ణి. ల్యాబులో మీటరు ముట్టుకుంటే మా సారు కసిరేవారు (ముట్టుకోకముందే కసిరిన రోజులూ ఉన్నాయి). ఇంటర్నెట్టులో ఆ బెడద లేదు. పాఠాలు ఉచితం, తెరమీదే సర్క్యూటు గీసి నడిపి చూసుకునే సిమ్యులేటరూ ఉచితం. అందులో నేను కాల్చిన ట్రాన్సిస్టర్లకు లెక్కలేదు, ఒక్కదానికీ వాసన రాలేదు. నెల తిరిగేసరికి నన్ను నేనే ఇంజనీరుగా ప్రకటించుకున్నాను.

సరిగ్గా అప్పుడే వోల్టేజీ పడిపోయి పల్లెలో మా చిన్నాయన బోరు మోటారు కాలింది. బాగు చేయించాడు గానీ, మళ్లీ కాలితే చీనీతోట, అదే బత్తాయితోట, ఎండిపోవడమే. వోల్టేజీ తగ్గగానే మోటారును ఆపే పెట్టె నేను చేస్తానన్నాను. సిమ్యులేటర్లో నలభైసార్లు నడిపితే నలభైసార్లూ పచ్చలైటే. కరెంటు లేని వేళ దాన్ని స్టార్టరు పక్కన బిగించి, "ఎర్రలైటుంటే మోటారు తిరగదు చిన్నాయనా, దాన్ని కదిలించొద్దు" అని గంభీరంగా చెప్పి కడప బస్సెక్కాను.

వారం తర్వాత వెళ్తే చిన్నాయన మిట్టమధ్యాహ్నం పక్కతోట తొట్టిలోంచి బిందెలతో నీళ్లు మోస్తున్నాడు. చెట్ల ఆకులు ముడుచుకుపోయాయి. ఆయన భుజం కమిలిపోయింది. మోటారేమైందన్నాను. "వారం నుంచి ఎర్రలైటే ఉండాదప్పా" అన్నాడు. "మరి పక్కతోటలో నడుస్తాండాదే?" అంటే, "వాళ్లకాడ నీ పెట్టె లేదు గదా! పీకేద్దామనుకున్యా. చదువుకున్నోడివి, శానా ఇష్టపడి చేసినావు, ఎట్లా పీకేది?" అన్నాడు.

మీటరు పెట్టి చూశాను. పుస్తకం ప్రకారం నాలుగువందల పదిహేను వోల్టులు ఉండాలి. మా పల్లె లైను మంచిరోజున కూడా మూడువందల అరవై దాటదు, మోటార్లన్నీ దానితోనే నడుస్తాయి. సిమ్యులేటరు నేనడిగిన వోల్టేజీ ఇచ్చింది. పల్లెలో ఎంత వస్తుందో నేను ఎవరినీ అడగలేదు. పెట్టెలో మోటారును ఆపే అంకె తగ్గించాను, పచ్చలైటు వెలిగింది, నీళ్లొచ్చాయి. మూడు చెట్లు మాత్రం మళ్లీ చిగురించలేదు.

ఇప్పుడు కల్లూరులో కంట్రోల్ ప్యానెళ్లు చేసే చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. ఈనాటికీ అదే ఉచిత సిమ్యులేటరు తెరిచి మొదట మూడువందల అరవై కొడతాను. తోటివాళ్లు తప్పనుకుని దిద్దబోతారు. బస్సెక్కుతున్న ఆ ఇంజనీరు ముఖం గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఆ మూడు చెట్లకేమైందని ఎవరైనా అడిగితే, చిన్నాయన ఇప్పటికీ చీడ పట్టిందనే చెబుతాడు.