మౌనం పట్టిన టేపుపెట్టె

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. వాటికీ నా మీద పెద్ద నమ్మకం ఉన్నట్టు లేదు. ఇన్నేళ్ళలో ఒక్కటీ నా ముందుకు రాలేదు. తమిళనాడు ధర్మపురిలో నాకు చిన్న అంగడి ఉంది. పెళ్ళిళ్ళకు, జాతరలకు మైకుసెట్టు అద్దెకిస్తాను. జనం వెళ్ళిపోయిన మంటపాల్లో ఒక్కణ్ణే తీగలు చుట్టుకుంటూ తిరిగినవాణ్ణి. ఎక్కడైనా గరగరమని శబ్దం వస్తే ముందు పిన్ను చూస్తాను, తర్వాత ఎర్తింగు చూస్తాను, ఆ రెండూ బాగుంటే ఆంప్లిఫయర్ని తిడతాను. అంతకు మించి వెతకాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. మా వైపు తమిళంలో, కోతలు కోసేవాణ్ణి రీలు విడుస్తున్నాడంటారు. నేను చెప్పబోయేది రీలు గురించే కనుక మీకు ఆ అనుమానం రావడం న్యాయమే. నేను మాత్రం రీలు ఎక్కించాను, తిప్పాను, దించాను. విడవలేదు.

మా ముత్తమ్మత్త, అంటే మా నాన్న చెల్లెలు, పాపిరెడ్డిపట్టి అవతల కొండ కింద ఉంటుంది. వాళ్ళకు ఆవుల మంద ఉంది. ఆ మందకు ఒక సామి ఎద్దు ఉంటుంది. దాన్ని నాగలికి కట్టరు, బండికి కట్టరు. అది పోతే మనిషికి చేసినట్టే చేసి పూడ్చిపెడతారు. తర్వాత మందలోంచే ఒక కోడెను ఎంచి ఆ చోట నిలబెడతారు. అలా నిలబెట్టే రోజు పేర్లపాట పాడాలి. మందకు మొదటినుంచి ఉన్న సామి ఎద్దుల పేర్లన్నీ, వాటి గుర్తులతో సహా, వరసగా వస్తాయి. చివర కొత్త కోడె పేరు చేరుతుంది. మధ్యలో ఒక్క పేరు జారినా పాట చెల్లదు.

పాట తెలుగులో ఉంటుంది. మావాళ్ళలో చాలామందికి తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడమే గాని రాయడం, చదవడం రాదు. అందుకని ఆ పాట ఏ కాగితం మీదా లేదు. గొంతులోంచి గొంతులోకి పోతూ వచ్చి, చివరికి అత్త భర్త చిన్నప్ప మామ దగ్గర ఆగింది. మామ పోయి చాలా ఏళ్ళయింది.

ఈ వేసవిలో సామి ఎద్దు పోయింది. అమావాస్యకు నిలబెట్టాలని మందలోంచి ఒక కోడెను ఎంచారు. పాట అత్తకు చాలావరకు వచ్చు. కాటికొమ్ముల రాజన్న అనే ఎద్దు దాకా నీళ్ళు పారినట్టు పాడుతుంది. తర్వాత తెగిపోతుంది. మళ్ళీ మబ్బన్న దగ్గర అందుకుంటుంది. ఆ నడుమ ఉన్న ఎద్దులు ఏవో బతికున్నవాళ్ళలో ఎవరికీ తెలియదు.

చిన్నప్ప మామకు అన్న ఒకాయన ఉన్నాడు. మేమంతా పెద్దమామ అంటాం. మందకు ఆయనదే పెద్దరికం. నేను అక్కడున్నప్పుడే అత్తకు తేల్చి చెప్పేశాడు.

"పేరు విడిచిపెట్టి పాడితే ఆ ఎద్దును మనమే లేదనేసినట్ల. నేను ఒప్పుకోను ముత్తమ్మా. అమావాస లోపల పాట కుదిరితే సరి. లేదంటే కోడెను సంతకు తోలేస్తా. సామి ఎద్దు కత ఇంతటితో ముగిసిపోనీ."

అత్త నా వైపు తిరిగింది. "మీ మామ పాడి పెట్టిండేది అటక మీద ఉండాది. దించు."

దించాను. బొంత చుట్టి పెట్టిన పాతకాలపు టేపురికార్డరు, కాసెట్లు రాకముందుది. మామ వయసులో ఉన్నప్పుడు సేలంలో ఒక మైకుసెట్టు అంగడిలో పనిచేశాడు. పని మానేసి వస్తూ దాన్ని తెచ్చుకున్నాడట. పక్కనే రేకు డబ్బాలో ఒకే ఒక రీలు.

ఇప్పుడు రీలంటే ఫోనులో బొటనవేలితో పైకి తోసేది. ఆ కాలం రీలు అన్నం తినే పళ్ళెమంత ఉండేది. ఎడమ పక్క నిండు రీలు, కుడి పక్క ఖాళీ రీలు. నడుమ టేపు ఒక సన్నటి సందులోంచి పోతూ, వేలిగోరంత హెడ్డుకు రాసుకుంటుంది. అక్కడ రాసుకున్నప్పుడే పాట పుడుతుంది. అంత పెద్ద పెట్టెలో పాట పలికే చోటు అంతే. పనిచేసేదంతా కంటికి కనిపిస్తుంది, దాచుకునేది ఏమీ లేదు. నాకు అలాంటి యంత్రాలంటే గౌరవం. అలాంటి మనుషులంటే కూడా.

అత్త ఇంటి అరుగు మీదే పని మొదలుపెట్టాను. లోపలి బెల్టు కరిగి తారులా అయిపోయింది. అడుగు మూత విప్పి, గీకి, కొత్తది వేశాను. రబ్బరు చక్రం తుడిచాను. పైనుంచి దూదితో, స్పిరిటుతో హెడ్డు తుడిచాను. హెడ్డు మురికిగా ఉంటే ఎంత మంచి పాటైనా గొణుగుడే అవుతుంది. నా హెడ్డు గురించి మా ఆవిడ అభిప్రాయం కూడా ఇదే. రికార్డు బటను మీద ప్లాస్టరు అతికించాను. పొరపాటున అది నొక్కితే పాట పాడదు, చెరిగిపోతుంది.

చక్రాలు తిరిగాయి. ఇక సౌండు చూడాలి. మామ టేపు పెళుసెక్కి ఉంది, ఒక్కసారి తిరగడమే కష్టం. అందుకని నేను తెచ్చుకున్న వేరే టేపు ఒకటి చేతికి తీసుకున్నాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఏం జేస్తా ఉండావు?"

"సుమ్మా, ఊరికే ఒక పాట వేసి చూస్తానత్తా."

"వేరే పాటా? పేర్లు పలికే నోరు ముందునాటినుంచి వేరే మాట పలకగూడదురా. మీ మామ నీళ్ళు గావలన్నా చేత్తో చూపించేవాడు."

"అది మనిషికి గదత్తా. ఇది మిషిను."

"నోరు లేకనే పాడతాదా అది?"

టేపు పక్కన పెట్టేశాను. మైకుసెట్టువాడిగా ఇన్నేళ్ళూ నేను అద్దెకిస్తున్నది నోళ్ళనే. అత్త పెట్టెకు పసుపు రాసి, తెల్లగుడ్డ కప్పింది. అలా ఆ టేపురికార్డరు మౌనం పట్టింది. నా అనుభవంలో ఒక్కసారైనా పలికించి చూడకుండా సభకు ఎక్కించిన యంత్రం అదొక్కటే.

మర్నాడు పొద్దున పెట్టెను కొట్టం ముందు బల్ల మీద పెట్టాం. పెద్దమామ వచ్చి కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. మందవాళ్ళు కొందరు నిలబడ్డారు. టేపును సందులోంచి పోనిచ్చి, కొసను ఖాళీ రీలుకు రెండు చుట్లు చుట్టాను. నా ఫోనును స్పీకరుకు ఆనించి, రికార్డింగు పెట్టాను. టేపు మళ్ళీ తిరగకపోయినా ఫోనులో పాట మిగులుతుందని నా లెక్క. ప్లే నొక్కాను.

మోటారు గునిసి, సర్దుకుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత మామ గొంతు వచ్చింది.

మందను పిలిచే కేక ముందు. కొట్టంలో నెమరు ఆగిపోయింది. ఆవులన్నీ తలలెత్తాయి. ఆ వెంట పాట. శబ్దం నా వృత్తి కనుక చెబుతున్నాను, ఆ చిన్న స్పీకరులో అంత నిండైన గొంతు పట్టదు. పేరుకూ పేరుకూ నడుమ ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. ఒక్కో ఎద్దునూ ఎదురుగా నిలబెట్టి, మెడ నిమిరి పంపుతున్నట్టు పాడాడు. నేను ఎన్నో గొంతులకు మైకు పట్టాను. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు.

కాటికొమ్ముల రాజన్న వచ్చాడు. అత్తకు పాట తెగేది అక్కడే.

"చుక్కనొసటి బసవన్న" అని పాడాడు మామ. అత్త వెంటనే పైకి అంది. "వాన తెచ్చిన పుల్లన్న" అన్నాడు. అత్త అదీ అంది. తర్వాత మబ్బన్న.

టేపు అయిపోయి, కొస తపతపా కొట్టుకుంది. హెడ్డు కింద టేపు పూత గోధుమరంగు పొడిగా రాలి, కుప్పపడి ఉంది. పెద్దమామ ఎప్పుడు లేచాడో, నిలబడి ఉన్నాడు. భుజం మీది తువ్వాలు చేతిలో ఉంది.

"పుల్లన్న" అన్నాడు. "అది పుట్టిననాడే వాన వచ్చిందంట. మా తాత చెప్పేవాడు. నేను మర్చేపోయినాను."

అత్త కళ్ళు తుడుచుకోలేదు. కోడె దగ్గరికి నడిచి, దాని వీపు మీద చెయ్యి వేసి, పాట మొదటినుంచి చివరిదాకా పాడింది. ఎక్కడా తెగలేదు. అమావాస్య నాడు పెద్దమామే తన చేతులతో కోడె మెడకు గంట కట్టాడు. సంత మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక నాకు మింగుడుపడని సంగతి. టేపు తిప్పిన రోజే పెట్టెను అంగడికి తెచ్చుకున్నాను. ఫోనులోని రికార్డింగు పెట్టి విన్నాను. మోటారు రొద ఉంది. కాకి ఉంది. ఆవు గంట ఉంది. అత్త రెండు పేర్లూ చెప్పడం స్పష్టంగా ఉంది. మామ లేడు. మొదటినుంచి చివరిదాకా ఎక్కడా లేడు.

ఫోనునే అనుమానించాను. తర్వాత పెట్టెను అనుమానించి, అరుగు మీద విప్పని పై మూత కూడా విప్పాను. హెడ్డు నుంచి లోపలికి పోయే తీగ తెగి ఉంది. నిన్నో మొన్నో తెగింది కాదు. రెండు కొసలకూ పచ్చటి చిలుం గట్టిగా పట్టి ఉంది. ఆ తీగ లేకుండా హెడ్డు చదివింది స్పీకరుకు చేరే దారి వేరే లేదు. తీగ అతికించి, మామ టేపు మళ్ళీ వేశాను. ఉత్త బుసబుస.

అత్తకు గుర్తున్న పేర్లే పైకి వచ్చాయని, మేం విన్నామనుకున్నామని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఆ పేర్లు నేను అంతకుముందు ఎన్నడూ విననివి. అత్త అనడానికి ముందే నా చెవిన పడ్డాయి. అక్కడున్నవాళ్ళను ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. అందరూ మామ గొంతే విన్నామన్నారు.

అమావాస్య అయ్యాక అత్తకు ఫోను చేసి తీగ సంగతి చెప్పాను. అంతా విని, "తెగిండేది నీ తీగ గదరా. ఆయన పాడేది ఆయన పాడినాడు. నడుమ నీకేం కష్టం?" అంది. వెనక కోడె గంట వినిపించింది. దానికి నీళ్ళు పెట్టాలని ఫోను పెట్టేసింది.

పెట్టె నా అంగడిలోనే ఉంది. ఇప్పుడు వేరే టేపులు వేస్తే చక్కగా పాడుతుంది. తీగ గట్టిగానే అతికింది. ఆ పొద్దున జరిగినదానికి నేను చెప్పుకునే కారణాలే, ఎన్ని తెచ్చి పెట్టినా, ఇంతవరకు ఒక్కటీ అతకలేదు.