ఎడమవైపు మనిషి

మా బ్రెజినా ఊరి మంచు హాకీ చరిత్రలో వెండెలిన్ హ్రోంచాక్ పేరిట రెండు అంకెలున్నాయి. ఆరు వందల చిల్లర మ్యాచులాడి కొట్టిన గోల్స్ పదకొండు. పోగొట్టుకున్న పళ్ళు పన్నెండు. డిఫెన్సు ఆటగాడికి ఇది గౌరవప్రదమైన నిష్పత్తే. అతని ఉద్యోగం గోల్ కొట్టడం కాదు, కొట్టేవాడికి అడ్డంగా ఉండడం.

డిఫెన్సులో ఇద్దరేసి జతగా ఆడతారు. కుడివైపు వెండెలిన్, ఎడమవైపు ఇమ్రిక్ షూలెక్. ఆ జత పద్నాలుగేళ్ళు నిలిచింది. మా ఊళ్ళో చాలా పెళ్ళిళ్ళు అంతకాలం నిలవలేదు. తమ గోల్ వెనక, ఈ ఆటలో బంతిలాంటి రబ్బరు బిళ్ల అందగానే వెండెలిన్ తల తిప్పకుండా దాన్ని ఎడమ మూలకు తోసేవాడు. అక్కడ ఇమ్రిక్ ఉండేవాడు. ఉన్నాడా అని చూడడం ఇమ్రిక్‌ను అవమానించడమే.

పదిహేనో ఏడు క్లబ్బు పెద్దలు సమావేశమై, ఇమ్రిక్ కాళ్ళు నెమ్మదించాయని తీర్మానించి సాగనంపారు. అతను పొరుగూరు లెహోట జట్టులో చేరి, అక్కడికే మకాం మార్చాడు. ఆ సీజను చివరి మ్యాచి లెహోటతోనే పడింది. ఓడితే మా జట్టు కింది శ్రేణికి పోతుంది. స్కోరు రెండు-రెండు, మూడు నిమిషాలు మిగిలాయి. లెహోటవాళ్ళు దాడి చేసి వెనక్కి మళ్ళారు. ఇమ్రిక్ మాత్రం మళ్ళలేదు. జట్టు మారిన సంగతి అతని కాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అవి పాత అలవాటున మా ఎడమ మూలకు వెళ్ళి నిలబడ్డాయి. వెండెలిన్ గోల్ వెనక బిళ్ల అందుకుని, తల తిప్పకుండా అక్కడికే తోశాడు.

ఒక క్షణం ఇద్దరూ కదల్లేదు. తర్వాత ఇమ్రిక్ చేతులు వాటి పని అవి చేశాయి. బిళ్ల మా గోల్లోకి, మా జట్టు కింది శ్రేణికి వెళ్ళాయి.

ఒకడు మూర్ఖుడని, ఇంకొకడు ద్రోహి అని ఊరు తీర్పు చెప్పింది. ఆ వసంతంలో వెండెలిన్ మోకాళ్ళు రాజీనామా ఇచ్చాయి. అదే స్టేడియంలో మంచు నునుపుచేసే బండి నడపడం మొదలుపెట్టాడు. పద్దెనిమిదేళ్ళు స్నేహితులిద్దరికీ మాటల్లేవు.

ఈ చలికాలం స్టేడియానికి అరవై నిండాయని పాతకాపుల మ్యాచి ఏర్పాటు చేశారు. జట్టు రాయమంటే వెండెలిన్ తన పేరు పక్కన ఇమ్రిక్ పేరు రాసుకొచ్చాడు. ఆ చిట్టీ చూసి భార్య ఒటీలియా నవ్వింది.

"పేరు రాస్తే ఆయనకి కలొస్తుందా? ఫోన్ చెయ్యి."

"నువ్వు చెయ్యరాదూ?"

"నేనెందుకు చేస్తా? నేనేమైనా ఆయన పక్కన ఆడానా?"

మూడు రోజులు తటపటాయించి ఫోన్ చేశాడు.

"నేనే," అన్నాడు.

అవతల టీవీ కట్టేసిన చప్పుడు. తర్వాత, "ఏ వైపు?"

"ఎడమే. కుడి నాది."

"నా తుంటి మార్చి ఇనపది పెట్టార్రా."

"నా మోకాళ్ళూ ఇనుమే. ఇద్దరం కలిస్తే ట్రాక్టరవుతాం."

"చూద్దాంలే."

ఆ 'చూద్దాంలే'ని వెండెలిన్ చర్చిలో చేసిన ప్రమాణంగా స్వీకరించాడు.

శనివారం మధ్యాహ్నం మ్యాచి మొదలైంది. ఇమ్రిక్ రాలేదు. గోల్‌కీపర్ బోహుష్ అడిగాడు: "ఎడమకి ఎవర్నైనా పంపమందామా?"

"వద్దు. మనిషున్నాడు."

"ఎక్కడ?"

"వస్తాడు."

కాసేపటికి బోహుష్ మళ్ళీ అరిచాడు: "ఒరే, ఆ ఖాళీలోంచి పెళ్ళి ఊరేగింపులా వస్తున్నార్రా! నావీ ముసలి మోకాళ్ళే!"

వెండెలిన్ వినలేదు. తొమ్మిది-రెండుతో ఓడిపోయారు. బట్టలు మార్చుకునే గదిలో ఉండగా ఫోన్ మోగింది.

"ఎంతకి?"

"తొమ్మిది, రెండు."

"ఎటునుంచి?"

"అన్నీ ఎడమనుంచే."

"నేనుంటే ఏడుకి ఆపేవాణ్ణి."

"ఎక్కడున్నావురా?"

"మీ బస్టాండులో. పొద్దున్నుంచి."

బస్టాండు రోడ్డుకి అవతలే. వెండెలిన్ ఒంటిమీది కవచాలతోనే, కాళ్ళకి చెప్పులు తగిలించుకుని మంచులో పరుగులాంటిది తీశాడు. ఇమ్రిక్ ఒళ్ళో స్కేట్ల సంచి పెట్టుకుని బెంచీ మీద కూర్చునున్నాడు.

"లోపలికి రావడానికేం?"

"గేటు దాకా వచ్చా. టికెట్లు చింపేవాడు గుర్తుపట్టి ఎగతాళిగా ఈలేశాడు."

"వాడు నాకూ రోజూ వేస్తాడురా. అక్కడ జీతగాణ్ణి నేను!"

ఇమ్రిక్ నవ్వలేదు. ఒళ్ళో సంచి సర్దుకుంటూ, "ఆనాటి ఆ పాసు బాగుందిరా," అన్నాడు.

"జన్మలో అంత బాగా ఇవ్వలేదు."

"చూశావా నన్ను?"

"చూళ్ళేదు."

"చూసుంటే?"

వెండెలిన్ చెప్పుల్లో మంచు దులుపుకున్నాడు. "చూసుంటే ఇంకొంచెం మెత్తగా ఇచ్చేవాణ్ణి."

లెహోట బస్సు వచ్చింది. ఇమ్రిక్ తుంటిని బతిమాలుకుంటూ మెట్లెక్కి, వెనక్కి తిరిగాడు.

"వచ్చే శనివారం మా ఇంటికి రా."

"మ్యాచేమైనా ఉందా?"

"ఏమీ లేదు. ఊరికే."

"ఊరికేనా?"

"ఊరికే."

తలుపు మూసుకుంది. బస్సు మలుపు తిరిగాక గానీ, ఇల్లెక్కడో అడగలేదని వెండెలిన్‌కు తట్టలేదు.