సన్యాసమ్మ గారు మాకేమవుతారు

పొద్దున్నే మాకవరపాలెం నుంచి మా చిన్నాన్న ఫోన్ చేసి, "ఒరే, మీ పెద్దమ్మ పోనాదిరా. బేగి తోటకి రా" అన్నాడు. చేతిలో కాఫీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. దుఃఖం వల్ల కాదు, నాకు పెద్దమ్మ లేదు. మా అమ్మే వాళ్ళింట్లో పెద్దది. ఏ పెద్దమ్మ అని అడిగితే చిన్నాన్నకి కోపం వచ్చింది. తోటింట్లో సన్యాసమ్మ, ఇంకెవరు అన్నాడు. ఆవిడ నాకు పెద్దమ్మ ఎలా అవుతుంది? మేనత్త. బుద్ధెరిగిన నాటి నుంచీ అత్తా అనే పిలిచాను. ఆ మాట అనబోయి, మానేసి, ఫోన్ పెట్టేశాను. వరస తప్పు చెప్పాడు కనక మనిషిని కూడా తప్పు చెప్పి ఉండొచ్చునని కాసేపు ఒక పిచ్చి ఆశ. అదీ నిలవలేదు. సన్యాసమ్మ గారు నిజంగానే దివంగతులయ్యారు.

నర్సీపట్నం నుంచి మాకవరపాలెం వెళ్ళే దారిలో, ఊరు దాటాక, మట్టిదారిన కొంచెం లోపలికి పోతే మా తోట. జీడిమామిడి, పనస, కొబ్బరి, కాసిని కూరగాయ మళ్ళు, ఓ మూల అవిశ చెట్లకి తమలపాకు తీగలు పాకించిన చిన్న ఆకుతోట. మధ్యలో పెంకుటిల్లు. మేమెవరమూ అందులో కాపురం ఉండలేదు. సెలవలకీ, పంటలకీ, ఊరికే బుద్ధి పుట్టినప్పుడూ వెళ్ళి వచ్చేవాళ్ళం. అక్కడ నివాసం ఉన్నది సన్యాసమ్మ గారొక్కరే. మా ఊళ్ళో పెళ్ళి తాంబూలాలకి ఆకు కొన్నవాళ్ళలో చాలామంది ఆవిడ పెంచిన ఆకే కొన్నారు. కారం తక్కువ, నోట్లో వేసుకుంటే కరిగిపోయేది. ఆ ఉద్యానవనానికి ఆవిడ అధిష్ఠానదేవత అని రాయాలని ఉంది. జన్మంతా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, నాకు అలాంటి మాటలే తడతాయి. ఆవిడ వింటే మాత్రం, "అంటే ఏటి, జీతం లేని కాపలాదారా?" అని అడిగి ఉండేది.

బంధువులొస్తే ఆవిడ లోపలికి రమ్మనేది కాదు. ముందు కాళ్ళు కడుక్కోవాలి, అదీ ఆవిడ చూపించిన మొక్క పాదులో నిలబడే. కాళ్ళు కడిగిన నీళ్ళు కూడా ఊరికే పోకూడదు. అల్లుళ్ళకి కొబ్బరి పాదు, పిల్లలకి అరటి పాదు, ఎస్. రాయవరం నుంచి వచ్చే మా మావయ్యకి ఎప్పుడూ నిమ్మ పాదే. మావయ్య మా అమ్మకి తమ్ముడు, భారీ మనిషి. అల్లుళ్ళకున్న మర్యాద తనకి లేదా అని ఓసారి అలిగాడు. "నిమ్మకి నీల్లెక్కువ గావాల బాబూ. నీకున్నంత పాదాలు ఈ ఇంట్లో ఇంకెవలికున్నాయి?" అంది ఆవిడ. అలక తీరకపోయినా మావయ్య నిమ్మ పాదులోనే కడుక్కున్నాడు. వెళ్ళేటప్పుడు సంచీడు నిమ్మకాయలు మోసుకెళ్ళాడు. సుట్టాలొత్తే మొక్కలకి పండగ అనేది ఆవిడ తరచూ చెప్పే మాట. సుట్టాలకి కూడానా అని ఎవరూ అడిగేవారు కాదు, అడిగితే పని పెడుతుందని భయం.

ఏ ఋతువుకి ఆ ఋతువు అతిథులుండేవారు. ఎండల్లో జీడిపళ్ళు రాలే రోజుల్లో చిన్నాన్న కుటుంబం. మృగశిర కార్తె తొలకరి పడగానే కందా పసుపూ నాటడానికి అమ్మా నేనూ. ఏజెన్సీ కొండల మీంచి మంచు దిగే చలికాలంలో, చిక్కుడు పందిరి కాపుకొచ్చాక, మావయ్య వాళ్ళు. అమ్మ వైపు వాళ్ళనీ నాన్న వైపు వాళ్ళనీ ఒకేసారి రానిచ్చేది కాదు. వస్తామని కబురు పెడితే, ఇప్పుడొద్దు, పనస అందరికీ చాలదు అనేది. పనసపండు చాలకపోవడమేమిటి, ఒక్కటి కోస్తే వీధి వీధంతా తింటుంది కదా అని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఇప్పుడు ఆలోచిస్తుంటే, రెండు వైపుల వాళ్ళూ ఎదురుపడి ఆవిడ వరస ఆరా తీస్తారని అలా చేసిందా, నిజంగా వంట చెయ్యలేకా, నాకు బోధపడడం లేదు.

మా అమ్మకీ ఆవిడకీ అస్సలు పడేది కాదు. అమ్మ కనకాంబరం నాటి వస్తే, మళ్ళీ వెళ్ళేసరికి అది పీకేసి కొత్తిమీర జల్లి ఉండేది. తినీది నాటు, తల్లో పెట్టుకునీది సంతలో కొనుక్కో అనేది ఆవిడ. అమ్మ పళ్ళు నూరుకుంటూ మళ్ళీ అక్కడే నాటేది. ఇద్దరూ చాటుగా నన్ను పిలిచి ఒకరి మీద ఒకరు చెప్పుకునేవారు, మధ్యలో నా చెవులు చిల్లులు పడేవి. అయితే ప్రతి తిరుగు ప్రయాణంలోనూ అమ్మ సంచి అడుగున తడిగుడ్డలో చుట్టిన లేత తమలపాకుల కట్ట ఒకటి ఉండేది. ఎవరు పెట్టారని అమ్మ అడిగేది కాదు, పెట్టానని ఆవిడ చెప్పేది కాదు.

ఇక్కడ ఆకుతోట నియమం ఒకటి చెప్పాలి. ఇంట్లో మనిషి పోతే, పదిరోజులు మైల పట్టినవాళ్ళెవరూ ఆకుతోటలో అడుగు పెట్టకూడదు. పెడితే తీగ మాడిపోతుందని మా వైపు నమ్మకం. అది నిజమో కాదో గానీ, పెట్టి చూసిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. మా నాన్న పోయింది ఎండాకాలంలో, ఆ తోటింట్లోనే. ఇల్లంతా గొల్లుమంటుంటే సన్యాసమ్మ గారు తలస్నానం చేసి, తడిచీరతో వచ్చి, నీళ్ళ కుండ ఎత్తుకుంది. నీకు మైల కదా అని ఎవరో అడ్డం వెళ్ళారు. "ఆయన నాకేటీ కాడు. అడ్డు లెగండి" అంది ఆవిడ.

ఆ మాట మా అమ్మ వింది. నాన్న ఆవిడని వదినా వదినా అంటూ ఎంత ఆప్యాయంగా పిలిచేవాడో, ఆవిడ చేతి ఆకు లేనిదే ఆయన భోజనం ఎలా ముగిసేది కాదో ఎరిగిన మనిషి అమ్మ. ఏటీ కాడట అని ఏళ్ళ తరబడి తలుచుకుని ఏడ్చింది. తొలకరికి తోటకి వెళ్ళడం కూడా కొంతకాలం మానేసింది. నేను ఉండబట్టలేక ఒకసారి ఆవిడనే నిలదీశాను, అంత మాట ఎలా వచ్చిందని. "సచ్చినోల్లకి ఏడవడానికి ఇంటినిండా ఉన్నారు. తీగకెవలున్నారు?" అంది. అది జవాబో, జవాబు తప్పించుకోవడమో ఆనాడూ తేలలేదు. తర్వాత మా అమ్మమ్మ పోయినప్పుడూ అంతే, స్నానం చేసి కుండ ఎత్తుకుంది.

అలాంటి మనిషి మొన్న తెల్లవారుతూనే, నిండు కుండ పక్కన పెట్టుకుని, బావి గట్టు మీద కూర్చున్నట్టే కూర్చుని వెళ్ళిపోయింది. నాన్న పోయిన నాటి గోలలో ఎవరి వరసా ఎవరూ అడగలేదు. ఆ తర్వాత రెండు వైపుల బంధువులూ ఆ వాకిట్లో ఎదురెదురుగా నిలబడింది మళ్ళీ ఆనాడే. తలకొరివి ఎవరు పెట్టాలి అన్న ప్రశ్న దగ్గర మొదలైంది అసలు అయోమయం. ఆవిడ మీ వైపు మనిషి కదా, మా వదిన కాపురానికొచ్చినప్పుడు వెంట వచ్చింది కదా అన్నాడు చిన్నాన్న. మావయ్య ఆశ్చర్యపోయాడు. తన అప్పని, అంటే మా అమ్మని, అత్తారింట్లో దింపడానికి వచ్చిన నాటికే ఆవిడ ఈ తోటలో నీళ్ళు పోస్తోందట, మీ వైపు మనిషేనని ఇన్నాళ్ళూ అనుకున్నాడట. అందరూ అమ్మ వైపు తిరిగారు. ఆయన వదినా అనీవోరు, నానూ వదినా అన్నాను, నన్నడిగితే నానేటి సెప్పగలను అంది అమ్మ, చిరాగ్గా.

నాకు తోచింది ఇది. ఈ తోటలోనే జరిగిన మా అమ్మానాన్నల పెళ్ళికి, జనంలో ఆవిడ ఎలాగో వచ్చి ఉంటుంది. ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి మనిషి అనుకున్నారు, మగపెళ్ళివారు ఆడపెళ్ళివారి మనిషి అనుకున్నారు. అందరూ బళ్ళు కట్టుకు వెళ్ళిపోయాక ఆవిడ మొక్కలకి నీళ్ళు పోస్తూ ఉండిపోయింది. రుజువు అడిగితే నా దగ్గర లేదు. ఏ ఊరి మనిషో, ఎవరి బిడ్డో, ఎవరి కోపం నుంచి పారిపోయి వచ్చిందో, ఒక జీవితకాలం మా మధ్య ఉన్న మనిషిని ఆ ఒక్క ప్రశ్న అడగడం మాకెవరికీ తట్టలేదు. చివరికి మావయ్యే తీర్పు చెప్పాడు. ఆవిడ ఏ వైపు మనిషైనా ఆ రక్తం నాలో ఉంటుంది కనక నన్ను పెట్టమన్నాడు. పెట్టాను.

అంతటితో తెమల్లేదు. కర్తని కనక నాకు మైల. మిగతావాళ్ళ మాటేమిటి? చిన్నాన్నకి ఆ వారంలోనే కొత్తింటి గృహప్రవేశం. మైల పడితే ముహూర్తం పోతుంది. మా వంశానికి ఆవిడ పాలివారు కాదు, మాకు మైల లేదు అని పొద్దుటి నుంచీ అందరికీ నచ్చజెబుతున్నాడు. మాకూ లేదు అన్నాడు మావయ్య. ఈ లోపల ఆకుతోట వాడుతోంది. వైశాఖమాసపు ఎండ, పూటపూటా తడి తగలకపోతే తమలపాకు తీగ బతకదు. జీడిగింజలు ఏరడానికి వచ్చిన కూలీలు, పెద్దకర్మ అయ్యేదాకా ఆవిడ ఆకుతోటలో మేం కాలు పెట్టం అని చేతులెత్తేశారు. మోటారు స్విచ్చి వేస్తే మైల కరెంటులోంచి పాకి నీళ్ళలోకి వస్తుందా రాదా అని చిన్నాన్న ఒక ధర్మసందేహం లేవదీశాడు. చదువుకున్నవాళ్ళం, మేమంతా దాని మీద చాలాసేపు గంభీరంగా తర్కించాం. తీరా చూస్తే మోటారు పైపు ఆకుతోట దాకా వేయించనే లేదు, ఆవిడ వేయనివ్వలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మైల లేదనేవాళ్ళు ఎవరో ఒకరు ముందుకు రండి, ఆవిడ మాకేమీ కాదని పైకి ఒక్క మాట అనేసి కుండ ఎత్తుకోండి అన్నాను. చిన్నాన్న సరేనని లేచాడు. బావి దగ్గరికి వెళ్ళి చేద వేసి నీళ్ళు తోడాడు. నీళ్ళు ఒంపేసిన ఆవిడ కుండ అక్కడే ఉంది. దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. "ఏటీ కాదని నోటితో ఎలాగనీదిరా? నా పిల్లలకి పురుడోసింది ఆవిడే గదా" అన్నాడు, ఏడుపు గొంతుతో. తోడిన నీళ్ళు కుండలో పొయ్యలేదు, తన నెత్తిన కుమ్మరించుకున్నాడు. అది మైల స్నానం. గృహప్రవేశం ఆ నీళ్ళతోనే పోయింది. మావయ్య చొక్కా విప్పి ఆయన వెనకాల వెళ్ళి నిలబడ్డాడు. ఇప్పుడు రెండు వైపులా మైలే, తీగకి మాత్రం దిక్కు లేదు.

అప్పటిదాకా గుమ్మంలో కూర్చున్న అమ్మ, మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా లేచింది. స్నానం చేసింది. తడిచీరతోనే వచ్చి కుండ నింపి చంకన పెట్టుకుంది. నేను అడ్డం వెళ్ళాను. నీకు మైల కాదా, కర్తకి తల్లివి, పైగా ఆవిడ నీకు వదిన అన్నాను. అమ్మ కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఆవిడ నాకేటీ కాదు. అడ్డు లెగు" అంది.

అని, వెక్కుతూనే ఆకుతోటలోకి నడిచింది.

పెద్దకర్మ కార్డు వేయించడానికి ప్రెస్సుకి వెళితే, పేరు ముందు ఏం వేయమంటారండీ, మీకేమవుతారు అని అడిగాడు ప్రెస్సు అబ్బాయి. 'మా సన్యాసమ్మ గారు' అని వేయమన్నాను. 'మా' తర్వాత ఏమండీ అని మళ్ళీ అడిగాడు. జన్మంతా పిల్లలకి ఏ సంబంధానికి ఏ మాటో నేర్పినవాణ్ణి, నాకు ఒక్క మాట తట్టలేదు. అంతే వేయమని వచ్చేశాను.

ఇది రాస్తున్న వేళకి పెద్దకర్మ ఇంకా కాలేదు. ఆకుతోట బయట, కొబ్బరి పాదు పక్కన కూర్చుని ఉన్నాను, లోపలికి వెళ్ళే యోగ్యత నాకు లేదు. లోపల అమ్మ నీళ్ళు పోస్తోంది, మధ్యమధ్యలో ఎవరినో తిడుతోంది, కనకాంబరం ఊసు కూడా వినబడుతోంది. తీగలు తలెత్తుతున్నాయి. అత్తో, పెద్దమ్మో, పరాయి మనిషో, ఎవరైనా సరే ఆ పుణ్యమూర్తికి ఇక్కడి నుంచే శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆవిడ పోయాక కూడా మాకు ఏమీ తేలలేదు. ఒక్కటే బెంగ పట్టుకుంది. రేపు మా అమ్మ వంతు వచ్చిననాడు, ఆవిడ నాకేటీ కాదని చెప్పి ఆ కుండ ఎత్తుకోగలిగిన మనిషి మాలో ఎవరున్నారో నాకు తెలియడం లేదు.