మా బాపు చెప్పిన ముగింపు

నా చిన్నప్పుడు అలియాబాద్‌లోని మా ఇంట్లో పెద్దవాళ్లలో చదువు వచ్చింది మా మేనత్త ఒక్కతికే. బడిలో పాఠాలు చెప్పేది. తెలుగులో చవకగా దొరికే రష్యా పుస్తకాలు అప్పటికే రావడం ఆగిపోయింది. తన దగ్గర మిగిలిన ఒక నవలను రోజూ పొద్దుగూకాక అరుగు మీద పైకి చదివేది. ఆ పొడుగు పేర్లు నోరు తిరగక మా అవ్వ, అంటే నాయనమ్మ, అందరికీ వరసలు పెట్టుకుంది. పడవ నడిపే ముసలాయన 'బావ' అయ్యాడు.

కథలో కలప దుంగలు తేలించుకుపోవడానికి నదిని ఎగువనే మళ్లిస్తారు. చేపలు రావు. అయినా ముసలాయన ఇసుకలో ఉన్న పడవకు ఏటేటా తారు పూస్తాడు. బీడీ ఆరిపోయినా తెలియకుండా వినేవాడు మా బాపు.

ఆ బాపే మా మెట్టచేను చెలకను ప్లాట్లు చేసేవాళ్లకు ఇస్తానని మాటిచ్చాడు. శామీర్‌పేట చెరువుకు వాననీళ్లు తీసుకుపోయే కాలువ మా చెలక నడుమ నుంచే పోతుంది. దాన్ని పూడ్చి ఇవ్వాలన్నది వాళ్ల షరతు. అత్త వద్దంటే వినలేదు.

రేపు మట్టి ట్రాక్టర్లు వస్తాయనగా, అత్త చదువుతూ ఆగిపోయింది.

"ఇగ లేదన్నా. కడమ పేజీలు చెదలు తిన్నయి."

నేను పక్కనే ఉన్నాను. పేజీలున్నాయి. నోరు తెరవబోతే తొడ గిల్లింది.

"గిట్ల నడుమ ఇడిస్తె ఎట్ల చెల్లె?"

"నువ్వే చెప్పు మరి. నది ఏమైతది?"

బాపు ఆరిపోయిన బీడీ మళ్లీ ముట్టించుకున్నాడు. "వస్తది. గన్నేండ్లు పడవకు తారు పూసిండు. రాకుంటె ఎట్ల?"

అవ్వ వక్క నములుతూ అంది: "బావ నదికేమో నీళ్లు దెస్తివి. మన కాలువలనేమో మన్ను వోస్తవు. మంచిగున్నది కొడుకా."

బాపు లేచి లోపలికి పోయాడు. పొద్దున వచ్చిన ట్రాక్టర్లను వెనక్కి పంపాడు. కాలువ వదిలేసి మిగతాది కొంటే కొనమన్నాడు. కొంతకాలం గునిసి, వాళ్లు అట్లాగే కొన్నారు.

తర్వాత ఆ పేజీలు చదివాను. నది రాదు. ముసలాయన పోతాడు, పడవ ఇసుకలోనే ఉంటుంది.

"చెదలు తిన్నయన్నవు గదత్తా?" అన్నాను.

"పుస్తకంల నది మీ బాపు చేతిల లేకుండె. కాలువ ఉండె."

ఈ ఏడాది వానలకు ముందే అత్త పోయింది. మొన్న పెద్దవాన పడితే వెళ్లి చూశాను. రెండు వైపులా ఇళ్లు. నడుమ కాలువలో ఎర్రనీళ్లు చెరువు వైపు పోతున్నాయి. మనసు బరువెక్కించే పుస్తకం మూసినప్పుడల్లా, నా చేతిలో ఏముందో ఇప్పటికీ ఒకసారి చూసుకుంటాను.