దిగేవాళ్ళదే ఆఖరి మాట

ఆ పాత భవనంలో అతన్ని అందరూ లిఫ్టాయన అనేవారు. పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దానితో పిలిచే మనిషి పోయాక అది ఎవరికీ అవసరం పడలేదు. లిఫ్టుదీ ఇంచుమించు అతని వయసే. బయట ఒక గ్రిల్లు గేటు, లోపల ఇంకొకటి, రెండూ చేత్తో లాగితేనే మూసుకుంటాయి. మూలన ఎత్తు స్టూలు, గోడకు ఇత్తడి పిడి. పిడిని సమయం చూసి వదలకపోతే లిఫ్టు అంతస్తుకు జానెడు కిందో పైనో ఆగుతుంది. కొత్తవాడు నడిపితే దిగేవాళ్ళు తట్టుకుని పడాల్సిందే. అతను నడిపితే చేతిలో గ్లాసు తొణకదు. అయితే ఈ గొప్ప ఎవరికీ తెలియదు. లిఫ్టు సరిగ్గా ఆగినన్నాళ్ళూ దాని సంగతి ఎవరూ తలుచుకోరు.

రోజంతా అతని చెవిన పడేవి సగం సగం మాటలే. కింద మొదలైన కథ నాలుగో అంతస్తులో దిగి వెళ్ళిపోయేది. ఎవరి అల్లుడు చివరికి ఏం చేశాడో, ఆ ఇల్లు ఎవరికి దక్కిందో అతనికి ఎన్నడూ తెలిసేది కాదు. మొదట్లో ప్రాణం ఉసూరుమనేది. తరువాత మిగతా సగం తనే కల్పించుకోవడం అలవాటు చేసుకున్నాడు. అలాంటి మనిషికి మూడో అంతస్తు టైలరమ్మ దొరకడం అదృష్టమనే చెప్పాలి. ఆవిడ మొదలుపెట్టిన మాట ఒక్క రోజులో తెగేది కాదు.

టైలరమ్మ మెడలో టేపుతోనే పుట్టిందేమో అన్నట్టుండేది. హోటలు నౌకర్ల కోట్లు, బడిపిల్లల లాగులు కుట్టే గదిలో ఆవిడ పని. పెళ్ళి సంగతి ఎవరైనా కదిపితే "కొలతలు కుదరలేదండీ" అని నవ్వేసేది. అక్కతో కలిసి ఉండేది. మనసు మంచిదే గానీ, ఒక మాట పడి ఊరుకునే రకం కాదు. ఒకరోజు ఉదయం లిఫ్టులో ఎవరో "గడపకవతల" సీరియల్ ఊసెత్తితే ఆవిడ అందుకుంది. స్టూలు మీద నుంచి లిఫ్టాయన ఒక్క మాట అడ్డు వేశాడు. అంతే, తగువు అంటుకుంది.

ఆ సీరియల్ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. మూతపడిన ఒక ఆసుపత్రి. అందులో ఎప్పుడో చనిపోయిన ఒక నర్సు ఇంకా వార్డుల్లో తిరుగుతూ ఉంటుంది. కొత్తగా పోయినవాళ్ళను చెయ్యి పట్టుకుని వరండా చివరి తలుపు దాకా తీసుకువెళ్ళడం ఆమె పని. బతికున్నవాళ్ళలో ఆమె కనిపించేది ఒక్క కాపలావాడికే. ఆఖరి భాగంలో ఆమె కూడా ఆ గడప దాటుతుంది. తలుపు మూసుకునే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుంది. అక్కడితో సమాప్తం. ఆ చూపు ఎందుకు చూసిందన్నదే చూసినవాళ్ళందరి మధ్యా తగువు.

లిఫ్టాయన వాదన ఒకటే. తిరిగి చూసినవాళ్ళు తిరిగి వస్తారు. తరువాత అదే కథలోంచి "కాపలావాడు" అని ఇంకో సీరియల్ పుట్టింది, అందులో నర్సు నిజంగానే తిరిగి వచ్చింది. ఆ వారమంతా అతను స్టూలు మీద దొరలా కూర్చున్నాడు. టైలరమ్మ మాత్రం ఆ పిల్ల సీరియల్‌ను లెక్కలోకే తీసుకోనంది.

"అది కథ కాదు అన్నయ్యగారూ, అతుకు. సబ్బుల ప్రకటనలు ఆగిపోతాయని చచ్చినదాన్ని లాక్కొచ్చారు. ఆఖరి భాగంలో దాని కోటు చూశారా? నాలుగు గుండీలుండాలి, మూడే ఉన్నాయి. పై గుండీ కాపలావాడి చేతిలో పెట్టి వెళ్ళింది. తిరిగొచ్చే మనిషి గుండీ తెంపి ఇస్తుందా?"

"ఊడిపోయి ఉంటుంది చెల్లెమ్మా. కుట్టినవాళ్ళ తప్పు."

"కుట్టినవాళ్ళ జోలికి రాకండి."

రెండో అంతస్తులో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి ఒకతె ఉండేది. లిఫ్టాయన ఆమెను పళ్ళపిల్ల అనేవాడు. ఆమెది మూడో దారి. సీరియళ్ళు రెండూ దండగ, అసలు రచయిత ఇప్పుడు అదే కథను మొదటినుంచీ బొమ్మల పుస్తకాలుగా చెబుతున్నాడు, అందులో ఏముంటే అదే నిజం అనేది. ఆ పుస్తకాలు తెచ్చి ఇచ్చేదీ ఆమే. టైలరమ్మ వాటిని శ్రద్ధగా చదివి, నర్సు కోటుకు భుజాలు తప్పు గీశాడని బొమ్మలాయనను తిట్టిపోసేది.

మూడు అంతస్తుల ప్రయాణంలో ఎంత వాదన పడుతుంది? అందుకని వాళ్ళలో వాళ్ళకు ఒక కట్టుబాటు ఏర్పడింది. దిగేవాళ్ళదే ఆఖరి మాట. గేటు తీశాక దిగే మనిషి ఏమంటే అది చెల్లుతుంది, లోపలున్నవాళ్ళు జవాబు చెప్పకూడదు. మళ్ళీ ఎక్కినప్పుడు కొత్త మాటతో మొదలుపెట్టుకోవాలి. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ లిఫ్టాయన ఎప్పుడు దిగాలి? ఒకసారి కడుపు మండి, రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య లిఫ్టు ఆపేసి తన మాటంతా చెప్పుకున్నాడు. "ఇది దొంగాట అన్నయ్యగారూ" అని టైలరమ్మ గ్రిల్లు పట్టుకుని అరిచిన అరుపుకు కుట్టుగదివాళ్ళంతా బయటకొచ్చారు. ఆ తరువాత ఆ పని చెయ్యలేదు. ఏళ్ళ తరబడి రోజూ ఓడిపోయి, రోజూ ఒప్పుకోకుండా గేటు మూసేవాడు. అతని కోటు గుండీ వదులైతే, ఆ వాదనలోనే, లిఫ్టు పైకీ కిందకీ తిరుగుతుండగా ఆవిడ కుట్టిపెట్టేది.

అతను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ సీరియల్‌ను మొదట పట్టుకున్నది అతని భార్య. మంచం పట్టాక ఆమెకు అదొక్కటే కాలక్షేపం. పక్కన కూర్చుని అతనూ చూసేవాడు. ఆఖరి భాగం వచ్చేనాటికి ఆమె లేదు. ఖాళీ మంచం పక్కన ఒక్కడే కూర్చుని చూశాడు. నర్సు వెనక్కి తిరిగినప్పుడు "వస్తుంది, తప్పకుండా వస్తుంది" అని ఆ ఖాళీ ఇంట్లో పైకే అన్నాడు. అన్నాక ఇక ఆ మాటను వదలలేకపోయాడు.

టైలరమ్మకు ఆయాసం మొదలైంది. లిఫ్టులో వస్తూ కూడా మెట్లెక్కి వచ్చినదానిలా రొప్పేది. కొన్నాళ్ళు సెలవులు పెట్టింది, తరువాత రావడమే మానేసింది. కుట్టుగదిలో అడిగితే నీరసమన్నారు. లిఫ్టాయన తన సెలవురోజున నారింజపళ్ళు కొనుక్కుని ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు.

అక్క అతన్ని తలుపు దగ్గరే ఆపింది.

"డాక్టర్లు చేతులెత్తేశారు బాబూ," అంది గొంతు తగ్గించి. "దానికి చెప్పలేదు. రక్తం తక్కువైంది, మందులకు పుంజుకుంటావు అన్నాం. మీరు మొహంలో కూడా తెలియనివ్వకండి. తెలిస్తే అది ఈ పూటే పోతుంది."

మొహంలో ఏదీ తెలియనివ్వకపోవడం అతనికి కొత్త కాదు. ఎవరు ఏం మాట్లాడుకున్నా గోడలా కూర్చోవడమే అతని ఉద్యోగం. ధైర్యంగానే లోపలికి వెళ్ళాడు. కిటికీ పక్కన మంచం, మూలన గుడ్డ కప్పిన కుట్టుమిషను. దుప్పటి కింద టైలరమ్మ సగానికి సగం అయిపోయింది. మెడలో టేపు లేని ఆవిడను అతను చూడటం అదే మొదలు. అయినా బాగానే నటించాడు. కొత్త గుమాస్తా గ్రిల్లులో వేలు ఇరికించుకున్న వైనం చెప్పి నవ్వించాడు కూడా.

అప్పుడు ఆవిడే కయ్యానికి కాలు దువ్వింది.

"మీ 'కాపలావాడు' మళ్ళీ మొదటినుంచి వేస్తున్నారటగా. ఆ అతుకుల బొంతను ఎవరు చూస్తారో ఏమో."

మామూలు రోజైతే లిఫ్టాయన ఆ మాటను కింద పడనిచ్చేవాడు కాదు. ఆ పీక్కుపోయిన మొహం చూస్తుంటే అతని గుండె నీరైపోయింది. ఈ మనిషికి తనేమివ్వగలడు? నారింజలు తినే స్థితిలో కూడా లేదు. తన దగ్గరున్నది ఒక్కటే, ఇన్నేళ్ళు పట్టుకుని వేలాడిన మాట. దాన్ని ఇచ్చేశాడు.

"నువ్వు చెప్పిందే నిజం చెల్లెమ్మా. అది వెళ్ళిపోయింది. తిరిగి రాలేదు."

టైలరమ్మ అతనివైపు తల తిప్పింది. అతన్ని చాలాసేపు అలాగే చూసింది.

"అక్క మీకు చెప్పిందా?"

"ఏం చెప్పింది?"

"ఇన్నేళ్ళలో మీరు ఒక్క గుండీ కూడా ఒప్పుకోలేదు అన్నయ్యగారూ. ఇవాళ కోటంతా విప్పి ఇచ్చేశారు. నాది తగ్గే జబ్బే అయితే మీరు ఇలా ఓడిపోరు."

ఎంత వెతుక్కున్నా అతనికి ఒక్క అబద్ధం దొరకలేదు. తల దించుకున్నాడు, అదే జవాబైపోయింది. ఆవిడ గోడవైపు తిరిగి "అక్కను పిలవండి" అంది. అతను వీధిలోకి వస్తుంటే లోపల అక్కచెల్లెళ్ళిద్దరూ ఏడవడం వినిపించింది. నారింజల సంచి తన చేతిలోనే ఉండిపోయిందని బస్సెక్కాక చూసుకున్నాడు.

అక్క ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని దాచినదాన్ని తను ఒక్క మాటతో బయటపెట్టాడు. అదీ ఆవిడకు మేలు చేద్దామని. ఇంతకన్నా రోజూలాగే కయ్యమాడి వచ్చి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. ఆ వారం లిఫ్టు ఒకటికి రెండుసార్లు జానెడు కింద ఆగింది. జనం తట్టుకుని విసుక్కున్నారు. అక్క అన్నట్టు ఆ పూటే పోయిందేమో, ఎవరైనా వచ్చి ఆ కబురు చెబుతారేమోనని గేటు తీసినప్పుడల్లా ఎక్కేవాళ్ళ మొహాలు చూసేవాడు.

ఆవిడ పోలేదు. ఒకరోజు మధ్యాహ్నం పళ్ళపిల్ల కాగితపు సంచితో లిఫ్టెక్కింది.

"బొమ్మల పుస్తకం ఆఖరిది వచ్చింది. నిన్న ఆవిడకు పట్టుకెళ్తే ముట్టుకోలేదు. లిఫ్టాయన చదివితేనే వింటానంది. ఏమైంది మీ ఇద్దరికీ?"

ఆ సాయంత్రమే ఆ సంచి పట్టుకుని టైలరమ్మ ఇంటికి వెళ్ళాడు. తలుపు తీసిన అక్క కళ్ళలోకి చూడలేక అతను నేలను చూస్తూ నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు.

"ఇన్నాళ్ళూ ఆ గదిలో నవ్వి, వంటింట్లోకొచ్చి ఏడ్చేదాన్ని. ఇప్పుడు దాని పక్కనే కూర్చుని ఏడుస్తున్నా. అదే నయంగా ఉంది బాబూ. సగంలో ఆగిన బట్టలు ఎవరికి అప్పగించాలో కూడా అదే చెప్పింది. లోపలికెళ్ళండి, పొద్దుట్నించీ ఎదురుచూస్తోంది."

టైలరమ్మ గొంతు గుసగుసలోకి దిగిపోయింది. నోరు మాత్రం దిగలేదు.

"ఇవాళ కూడా ఓడిపోయారంటే లేపి పంపించేస్తా. సరిగ్గా వాదించండి."

అతను పుస్తకాన్ని ఆవిడ కళ్ళ ముందు పట్టుకుని, బొమ్మ బొమ్మకూ ఆగుతూ చదివాడు. చివర్లో నర్సు గడప మీద నిలబడి వెనక్కి చూస్తుంది. ఆ బొమ్మ పేజీ నిండా ఉంది. కోటుకు మూడే గుండీలు. టైలరమ్మ వేలు కష్టం మీద లేపి ఆ ఖాళీ చోటు చూపించింది. ఆ తరువాతది ఆఖరి పేజీ. అందులో ఒక్క గీతైనా లేదు, మొత్తం తెల్లగా వదిలేశాడు.

"చూశావా," అన్నాడు లిఫ్టాయన. ఎక్కడెక్కడి నమ్మకమూ కూడదీసుకుని అన్నాడు. "తలుపు మూసుకుని ఉంటే నల్లగా వెయ్యాలి. తెల్లగా వదిలాడంటే తలుపు తెరిచే ఉంది. అందులోంచి అది వస్తోంది."

"బొమ్మలాయనకు సిరా అయిపోయింది."

"అయిపోతే ముందు పేజీ అంత బాగా ఎలా వేశాడు?"

"భుజాలు గీయడం రానివాడికి మీరు అంత తెలివి అంటగట్టకండి."

అలా కాసేపు కొట్లాడుకున్నారు. మధ్యలో అక్క వచ్చి చెంచాతో మంచినీళ్ళు పట్టి వెళ్ళింది. తను ఏ గదిలో ఉన్నాడో, ఎందుకు వచ్చాడో లిఫ్టాయన కొంతసేపు మరిచిపోయాడు కూడా. ఆవిడ రెప్పలు వాలుతుంటే చూసి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాక అతనికి ఒక సంగతి తట్టింది. ఇవాళ బయటకు వెళ్ళేది తను.

"చెల్లెమ్మా, ఇన్నేళ్ళకు దిగేది నేను. ఆఖరి మాట నాది," అన్నాడు, నవ్విద్దామని.

టైలరమ్మ దిండు మీద తల అడ్డంగా ఊపింది.

"కాదన్నయ్యా. ఈసారి దిగేది నేనే."

అతను తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. నవ్విద్దామని తెచ్చుకున్న నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాన్నేం చెయ్యాలో తెలియలేదు.

"అది వెనక్కి చూసింది రావడానికి కాదు," అంది ఆవిడ, మాట మాటకూ ఊపిరి అందుకుంటూ. "వెనకున్నవాళ్ళు బాగున్నారో లేదో చూసుకుని వెళ్దామని. అంతే."

దానికి జవాబు చెప్పకూడదు. అతను చెప్పలేదు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వచ్చేశాడు. ఆ వారం తిరగకుండానే ఆవిడ పోయింది.

కుట్టుగదిలోకి కొత్త టైలరు వచ్చాడు. మాటకారి కాదు, ఎక్కితే ఫోను చూసుకుంటాడు. లిఫ్టు మళ్ళీ మూడో అంతస్తులో చక్కగా ఆగుతోంది. అలా ఒక ఉదయం ఖాళీ లిఫ్టు పైకి వెళ్తుంటే, టైలరమ్మ మాటకు జవాబు అతనికి తట్టింది. ఇన్నేళ్ళ తగువులో అంత గట్టి మాట అతనికి ఎప్పుడూ తట్టలేదు. సరే, చూసుకుని వెళ్దామనే తిరిగింది. చూస్తే వెనకున్నవాళ్ళు బాగాలేరని కనబడుతుంది కదా. కనబడ్డాక ఎలా వెళ్ళగలిగింది? అడుగుతున్నది టైలరమ్మనో తన భార్యనో అతనికే తేలలేదు. కళ్ళు మసకబారి పిడి కనబడక, లిఫ్టును పై అంతస్తు దాకా పోనిచ్చి మళ్ళీ కిందకు తెచ్చాడు.

కింద పళ్ళపిల్ల ఎక్కింది. అతని మొహం చూసి, గేట్లు రెండూ తనే లాగి మూసింది. తరువాత మెల్లగా అడిగింది.

"ఆ తెల్ల పేజీ గురించి నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నా. మీరేమంటారు, వస్తుందా, రాదా?"

జవాబు అతని నాలుక చివరే ఉంది. రెండో అంతస్తులో లిఫ్టు ఆపి, లోపలి గేటు లాగాడు, బయటి గేటు లాగాడు.

"ఆవిడ దిగుతూ చెప్పేసిందమ్మా," అన్నాడు. "ఇంక నేను మాట్లాడకూడదు."