విప్పని పొట్లం, వ్రాసిన రుచి

గడియారాలు మరమ్మతు చేసే ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. పగలంతా కంటికి భూతద్దం తగిలించుకొని ఆవగింజంత మరలతో కుస్తీ పడతాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మరొక విద్యకు అంకితమవుతాడు. కొరియా, జపాన్, ఇండోనేషియా, థాయ్‌లాండ్ దేశాల ఇన్‌స్టంట్ నూడుల్స్ తెప్పించుకొని, రుచి చూసి, ఇంటర్నెట్‌లో సమీక్ష వ్రాస్తాడు. ఇప్పటికి నాలుగు వందల పన్నెండు రకాలు.

ఆ కార్యానికి కొన్ని నియమాలున్నాయి. వండేది ఆయన అక్క. బడిలో కుట్టుపని నేర్పి, ఉద్యోగం విరమించి, తమ్ముడితోనే ఉంటోంది. పొట్లం మీద ఎన్ని నిమిషాలని ఉంటే అన్నే ఉడకాలి. తనవంతుగా ఉప్పురవ్వయినా చేర్చకూడదు. తొలి మూడు ముద్దలూ ముగిసేవరకు ఇద్దరూ మౌనం. భగవంతుడిచ్చిన ఇంద్రియాలలో ఒకదానిని అంత భక్తితో వినియోగించినవారు అరుదు.

ఆ యేడు వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆయన వాసననూ రుచినీ వెంటబెట్టుకు పోయింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. మూడు వారాలపాటు పొట్లం మీది బొమ్మనూ, దినుసుల జాబితానూ చూసి, పాత అనుభవం జోడించి వ్రాశాడు. చదివేవారు మెచ్చుకొన్నారు. ఆ మెప్పు ఆయనకు ముల్లులా గుచ్చుకొంది.

నాలుగవ ఆదివారం ఉదయం ఆయన ఫోనుకు ఒక పాఠకురాలి ఉత్తరం వచ్చింది. "మా నాన్నకి కడుపు ఆపరేషన్ అయింది. నూడుల్స్ అంటే ప్రాణం. కారం లేకపోతే పెట్టొచ్చన్నారు డాక్టరు. కొత్తగా వచ్చిన పుట్టగొడుగుల రకం ఎలా ఉంటుంది? మీరు చెబితేనే పెడతాను."

ఆయన చదివి వినిపిస్తే, అక్క అదే రకం వండిపెట్టింది. ఆయన మూడు ముద్దలు తిని, కాగితం మీద వ్రాశాడు: "పుట్టగొడుగుల పరిమళం గంభీరం. కారం నామమాత్రం."

అక్క భుజం మీదుగా తొంగిచూసి చదివింది. వంటగదిలోకి వెళ్లి, మూతి విప్పని ఎర్ర మసాలా పొట్లం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది వెయ్యడం మర్చిపోయాన్రా. ఇప్పుడే చూశా. మరి నీకు పుట్టగొడుగులు ఎక్కడ దొరికాయి? గిన్నె అడుగునా?"

ఆయన కలానికి మూత పెట్టాడు.

"ఒరేయ్, నిన్నే."

"నాకేమీ తెలియడం లేదక్కా. జ్వరం తగ్గినప్పట్నుంచీ అంతే. వట్టి తాడు నమిలినట్టుంది."

"నెల రోజులు కడుపులో దాచుకున్నావా? నాతో కూడా చెప్పకుండా!"

"చెబితే ఇక ఆదివారం ఏముంటుంది మనకి?"

అక్క ముఖం తిప్పుకొని పొయ్యి వెలిగించింది. ఈసారి ఇంకొకటి తీసి, మసాలా కూడా వేసి వండింది. గిన్నె తన ముందే పెట్టుకొంది.

"నేను తింటా. నువ్వు రాసుకో."

"నీకు సమీక్ష రాసే మాటలు రావు కదే."

"నాలుక ఉందిగా, చాలు."

మూడు ముద్దలూ మౌనంగా తింది. ఆ తరువాత కొంగుతో కళ్లు ఒత్తుకొంది. "ముందు మెత్తగా, మంచివాడిలా ఉంటుందిరా. మింగాక పట్టుకుంటుంది. చెవులు కాలిపోతున్నాయి. ఆ పెద్దాయనకి పెట్టొద్దను!"

ఆయన పాత కాగితం చింపి, కొత్తది తీసి వ్రాశాడు: "నాన్నగారికి వద్దమ్మా. రుచి చూసింది మా అక్క. నెల రోజులుగా నా నాలుకకు రుచి తెలియడం లేదు. గత మూడు వారాల సమీక్షలు నమ్మకండి, క్షమించండి." అదే ఫోనులోకి ఎక్కించాడు. పంపేముందు ఒక్క క్షణం వేలు ఆగింది. పంపాడు.

అక్క ఆయన గిన్నెలో కొంచెం వడ్డించింది.

"నాకెందుకే, దండగ."

"తిను. వేడి తెలుస్తోందా?"

ఒక ముద్ద నోట పెట్టుకొని, ఆయన నెమ్మదిగా నమిలాడు.

"తెలుస్తోంది."

"సరే, ఈ వారానికి అది చాలు" అంది అక్క, తన కుర్చీని దగ్గరగా జరుపుకొంటూ.